ముగ్గురు రాజుల పండుగ దాకా ఒక్క రేకూ పడదు

బీసెన్ ఊరు,
సెప్టెంబరు 28

మైన్రాడ్ మామకి,

నీ మేనల్లుడు కాస్పర్ రాసేది. ఫోను చేద్దామంటే అందులో మాట నీకు సరిగా వినపడదు, నీ చుట్టూ ఉన్న ఆశ్రమం సిస్టర్లకేమో గోడ అవతల గుసగుస కూడా వినపడుతుంది. అందుకని కలం పట్టాను. నా అక్షరాలు కోడి గీరినట్టు ఉంటాయి. ఆరో తరగతిలో మాస్టరు నన్ను వదిలించుకుని ఆ సాయంత్రం ఊరందరికీ సారా పోయించాడని నువ్వే చెబుతావుగా. ఇప్పుడు అనుభవించు.

నీ తుంటి ఎలా ఉంది? ఏప్రిల్లో మేకల పాక మెట్లమీంచి నువ్వు జారినప్పుడు 'ఆర్నెల్లలో లేస్తాడు' అన్నాడు డాక్టరు. ఆర్నెల్లయింది. లేచి ఆ పొగమంచు పట్నంలో ఎక్కడికి నడుస్తున్నావు? ఇక్కడ ఎగ్లిలో, కొండమీద నీ ఇంట్లో, అగతా పెద్దమ్మ ఒక్కతే మేకలతో మాట్లాడుకుంటోంది. "నా తమ్ముణ్ణి ఆ సిస్టర్లు సబ్బుతో కడిగి కడిగి అరగదీసేస్తారు" అంటోంది. నాకూ అదే అనుమానం. ఆగస్టులో నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మీ పెద్ద సిస్టరు ఫిదేలిస్, తెల్లబట్ట చుట్టిన గడ్డివాములా గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా బూట్లను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

సంగతికొస్తాను. అక్టోబరు ఆఖరి శనివారం దగ్గరపడింది. ఎలుగుబంటి సత్రం హాల్లో, చలికాలం ఎలా ఉంటుందో ముందే చెప్పేవాళ్ళు ఆరుగురూ ఆరు కుర్చీల్లో కూర్చుని ఒక్కొక్కరే చదవాలి. నిన్న సంఘం పెద్ద డొమినిక్ నా పశువుల కొట్టం దాకా వచ్చాడు. "మైన్రాడ్ కుర్చీలో ఈసారి నువ్వు కూర్చో, కాస్పర్" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మామా, చలికాలం గురించి నాకు తెలిసిందల్లా నా బూటుకి ఎటువైపు చిల్లుందో అంతే. మిగతావన్నీ జనం కాలక్షేపానికి వింటారు. క్రిస్మస్ సెలవులకి మంచు పడుతుందా పడదా అన్న ఒక్కమాట దగ్గర మాత్రం హాల్లో చెంచా చప్పుడు కూడా ఆగిపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ మాట నువ్వు చెప్పావు. ఒక్కసారీ తప్పలేదు. తప్పినవాడి కుర్చీని గోడవైపు తిప్పడం, మరుసటేడు వాడు జనానికి వీపు పెట్టి గోడకి చదవడం మన ఆచారం కదా. ఫ్రిడోలిన్ కుర్చీ గోడని ఎన్నేళ్ళుగా చూస్తోందంటే, రెండింటికీ చుట్టరికం కలిసిపోయింది.

వాడి సంగతి చెప్పాలి. సాలెగూళ్ళు చూసి చలి చెబుతాడుగా. నేను పోయిన వారం వాడి అటకెక్కి, చేపలు పట్టే నైలాను దారంతో మూడు గూళ్ళు అల్లి వచ్చాను. తెల్లారేసరికి ఊరంతా తిరిగి "నా జన్మలో ఇంత మందం సాలెగూడు చూళ్ళేదు, వందేళ్ళకోసారి వచ్చే చలి వస్తోంది" అని చెప్పాడు. వాడి పెళ్ళాం రెండు దుప్పట్లు కుట్టేసింది.

నా నోరు, నీ మాట. నువ్వు చెప్పు, నేను చదువుతాను. పొట్లంలో గడ్డిమేటులో దొరికిన ఎలుకగూడు, అప్పుడే చీల్చిన బీచ్ చెట్టు కట్టె పేడు, చలినిద్రకి పోతూ మార్మోట్లు బొరియ మూసిన మట్టి పెట్టాను. నీ ముక్కుకి పని చెప్పు.

నీ
కాస్పర్


నీడెర్‌మోస్, వృద్ధాశ్రమం,
అక్టోబరు 7

ఒరేయ్ కాస్పర్,

పొట్లం అందింది. ఎలుకగూడు దిండుకింద పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం కునుకు పట్టింది. నిద్రలో మన ఇంటి చెక్కల కప్పు కింద పడుకున్నాను. మంచు పడటం మొదలైంది. మంచుకి చప్పుడుండదంటారు కదా, కానీ అది మొదలవగానే అంతకుముందున్న చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే ఎవరో ఎత్తి లోపల పెట్టేసినట్టు మాయమవుతాయి. ముందు వాగు, తర్వాత మేకల గంటలు, చివరికి అక్క గొణుగుడు. ఆ వరస మొత్తం విన్నాను. లేచేసరికి ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

ఇక్కడ కిటికీ అవతల ఏమీ లేదు. అంటే నిజంగానే ఏమీ లేదురా. సెప్టెంబరులో దిగిన పొగమంచు కదల్లేదు. నా పక్కమంచం ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. రోజూ కిటికీలోకి చూసి "ఆలస్యంగా వస్తోంది" అంటాడు. ఏది అని అడిగితే చెప్పడు. మెల్లగా నాకూ ఆ మాట అలవాటైపోతోంది.

రెండు కర్రలతో వరండా చివరిదాకా నడుస్తున్నాను. క్రిస్మస్‌కి సొంతవాళ్ళున్న వాళ్ళని రెండు రాత్రులు ఇంటికి పంపుతారట, ఇరవై మూడు పొద్దున్నుంచి ఇరవై ఐదు సాయంత్రం దాకా. ఇక్కడి బండి నడిపే ఊర్స్‌ అనేవాడు దింపి, మళ్ళీ తెచ్చుకుంటాడు. ఒకటే షరతు. రోడ్డు పొడిగా ఉండాలి. మంచు ఉంటే కొండ ఎక్కనంటాడు, భార్యకి మాటిచ్చాడట. మన ఇల్లు ఆఖరి మలుపుకి పైన ఉందని చెప్పాను. మొదటి పెద్ద మంచుకి ఆ మలుపు మూసుకుంటే మార్చిదాకా తెరుచుకోదని నేను చెప్పకముందే ఎవరో చెప్పేశారు.

ఇంటికి రావాలని ఉందిరా. ఒక్కసారి. ఇంకేం రాయను దాని గురించి.

నాకు ఇంకా కొన్ని కావాలి. మార్మోట్లు బొరియని ఎంత లోతు మూశాయి? చెయ్యి పెట్టి చూసి రాయి. ఎర్రకాయల చెట్టు ఎలా కాసింది? కందిరీగలు గూడు ఎంత ఎత్తున పెట్టాయి? అక్క కట్టెలు ఎందాకా పేర్చింది?

మరొకటి. నీ కోడిగీతలు నా కళ్ళకి ఆనవు. నీ ఉత్తరాలు సిస్టర్ ఫిదేలిసే మంచం పక్కన కూర్చుని చదివి వినిపిస్తోంది. 'తెల్లబట్ట చుట్టిన గడ్డివాము' దగ్గర కాస్త ఆగి, దగ్గి, ఆ వాక్యం మళ్ళీ మొదట్నుంచి చదివింది, నాకు సరిగ్గా వినపడలేదేమోనని.

మీ మామ
మైన్రాడ్


బీసెన్,
అక్టోబరు 16

పూజ్యులైన సిస్టర్ ఫిదేలిస్ గారికి ముందుగా నమస్కారం. అమ్మా, మా ఊళ్ళో గడ్డివాము అంటే చాలా గౌరవం. చలికాలమంతా ఊరిని బతికించేది అదే. మీకు ఇంకోలా అర్థమైతే ఆ తప్పు ఆరో తరగతి మాస్టరుది.

ఇక మామకి.

నువ్వు అడిగినవన్నీ చూసొచ్చాను. మార్మోట్ బొరియలో చెయ్యి పెట్టాను. మణికట్టు దిగింది, మోచేయి దిగింది, ఇంకా మట్టీ గడ్డీ గట్టిగా కూరి ఉన్నాయి. భుజం దాకా పోయి, బొరియ ముందు బోర్లా పడుకున్నాను. అప్పుడే చర్చి ఫాదర్ గారు ఆ దారిన వచ్చారు. "ఏం వెతుకుతున్నావు, కాస్పర్?" "పాపవిముక్తి, ఫాదర్." "దానికి అంత లోతు చాలదులే" అని వెళ్ళిపోయారు.

ఎర్రకాయల చెట్టు కొమ్మలు విరిగేలా కాసింది. కందిరీగల గూడు చావడి చూరుకి, నిచ్చెన వేస్తే గాని అందదు. ఉడతలు నా పొట్లం సంచీలో అక్రోట్లు కూడా ఎత్తుకుపోయాయి.

అగతా పెద్దమ్మ కట్టెలు రెండో కిటికీ దాకా పేర్చింది.

"ఏంటి పెద్దమ్మా, ఇల్లు కనపడకుండా చేస్తావా?" అన్నాను.

"కనపడి ఎవరిని ఉద్ధరించాలి? పట్టు, ఆ మొద్దు ఇలా ఇవ్వు."

"మంచు బాగా పడుతుందంటావా?"

"నేనేమీ అనను. అనేవాణ్ణి బండెక్కించి పంపేశారుగా. నేను పేర్చుతాను, అంతే."

ఇంతా చూశాక నాబోటి మొద్దుకి కూడా ఒకటే అనిపిస్తోంది మామా. క్రిస్మస్‌కి ముందే పడుతుంది. మామూలుగా కాదు, కిటికీల దాకా.

ఈ వాక్యం రాశాక కలం ఆగిపోయింది. మంచు పడితే ఊర్స్ ఎక్కడు. ఊర్స్ ఎక్కకపోతే నువ్వు రావు. నేను రాసింది తప్పయితే బాగుండు. నా బతుకులో నేను చెప్పింది తప్పాలని కోరుకోవడం ఇదే మొదటిసారి, మామూలుగా దానంతటదే తప్పుతుంది.

కాస్పర్


నీడెర్‌మోస్,
అక్టోబరు 22

కాస్పర్,

అక్క మాట పట్టుకోకు. యుద్ధకాలం నుంచి ప్రతి ఏడూ ప్రళయం వస్తున్నట్టే కట్టెలు పేరుస్తుంది. మార్మోట్లు కూడా ముసలివైతే భయపడతాయి. నువ్వు కళ్ళతో చూశావు, నేను ముక్కుతో చూశాను. నీ ఉత్తరం విన్నాక సిస్టర్ కూడా అడిగింది, "మీ మేనల్లుడు మంచు పడుతుందంటున్నాడే?" అని. వాడికి మంచుకీ పిండికీ తేడా తెలియదని చెప్పాను.

హాల్లో చదవాల్సింది ఇది. ఒక్క అక్షరం మార్చకు.

"ఎలుకగూడు పొడిగా, తీపిగా వాసనేసింది. కట్టెపేడులో నీటివాసన లేదు. మట్టి గోరువెచ్చగా ఉంది. ఈ క్రిస్మస్ పచ్చగా ఉంటుంది. జనవరి ఆరు, ముగ్గురు రాజుల పండుగ దాకా ఒక్క రేకూ పడదు. బీసెన్ వాళ్ళు బల్ల వాకిట్లో వేసుకుని భోజనం చెయ్యొచ్చు."

చదివి, కూర్చుని, ఎవరేమన్నా నోరు మూసుకో. నీకు కష్టమని తెలుసు.

మైన్రాడ్


బీసెన్,
నవంబరు 1

మామా,

సిస్టర్ గారూ, ఈ మొదటి పేరా దాటేసి రెండోది చదవండి. మామా, నీ ముక్కుకి ఏమైంది? ఆ సబ్బుల మధ్య ఉండి ఉండి మొద్దుబారిపోయిందా? ఎలుకగూడు తీపి వాసనేమిటి? అది నేనూ చూశాను. తడి ఉన్నివాసన, ఇనుం వాసన కలిసి కొట్టింది. నువ్వే నేర్పావుగా, ఇనుం వాసనొస్తే పారలు తీసుకోమని. ఇంటికి రావాలన్న కోరిక నీ ముక్కుకి అడ్డం పడిందని నా అనుమానం. కోపం తెచ్చుకోకు.

నిన్న హాలు కిక్కిరిసింది. రేడియో వాళ్ళు, పేపరు వాళ్ళు, హోటళ్ళవాళ్ళు ముందు వరసలో. నా కోటు జేబుల్లో రెండు కాగితాలున్నాయి మామా. కుడివైపు నీది. ఎడమవైపు నేను రాసుకున్నది, నీ పేరుతోనే. 'ఇరవై రెండుకీ ఇరవై ఐదుకీ మధ్య పడుతుంది, కిటికీల దాకా' అని. నీ ముప్ఫై ఒక్క ఏళ్ళ మాట నిలబెడదామని.

ఫ్రిడోలిన్ తన కుర్చీలో గోడవైపు కూర్చుని, నా నైలాను గూళ్ళ సాక్షిగా, వందేళ్ళ చలి వస్తోందని గోడకి చదివాడు. జనం ఈల వేశారు. తర్వాత నేను నీ కుర్చీలోంచి లేచాను. ఎవరో అరిచారు, "కాస్పర్, నీకు చదవడం ఎప్పుడొచ్చింది?" నేను ఎడమ జేబులో చెయ్యి పెట్టాను. అప్పుడు నీ వరండా గుర్తొచ్చింది, నువ్వు రెండు కర్రలతో ఆ చివరిదాకా నడవడం. రేడియోలో మైన్రాడ్ మంచు పడుతుందన్నాడని వింటే మీ ఊర్స్ ఆ రోజే బండికి ముసుగు కప్పేస్తాడు.

కుడి జేబులోది తీసి చదివాను.

తర్వాత ఫ్రిడోలిన్ గోడకేసి చూస్తూనే అన్నాడు: "నా పక్కన చోటు చేస్తున్నానని ముసలాయనకి చెప్పు. గోడ చల్లగా ఉంటుంది, శాలువా తెచ్చుకోమను." నోరు మూసుకున్నాను. నువ్వు చెప్పావని. నా యాభై ఏళ్ళలో అంత బరువు ఎత్తలేదు.

కాస్పర్


నీడెర్‌మోస్,
నవంబరు 24

ఒరేయ్ అల్లుడూ,

సిస్టర్ ఆ మొదటి పేరా దాటలేదు. రెండుసార్లు చదివింది.

మృతుల పండుగనాడు ఇక్కడి శ్మశానానికి తీసుకెళ్ళారు. పొగమంచులో దీపాలు నేలమీద కాక గాల్లో తేలుతున్నట్టు కనిపించాయి. ఎవరి సమాధి ఎక్కడుందో తెలియక అందరం అందరి కోసమూ నిలబడ్డాం. రైల్వే ఆయన నా చెయ్యి పట్టుకుని "వచ్చేస్తోంది" అన్నాడు. పోయిన మంగళవారం ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ మంచం మీద ఎవరూ లేరు. నేను అటు తిరిగి పడుకోను.

సెలవు ఖాయమైంది. రేడియోలో నా మాట విన్నాక ఊర్స్ "మైన్రాడ్ చెప్పాడంటే ఇంకేం" అని తలూపాడట. సిస్టర్ మాత్రం కాగితం మీద సంతకం పెడుతూ నాకేసి కాస్త ఎక్కువసేపు చూసింది. ఆవిడ చూపులన్నీ అలాగే ఉంటాయి.

నువ్వు నాకో పని చెయ్యాలి. ఎగ్లికి రెండు బస్తాల పిండి, ఒక బస్తా బంగాళాదుంపలు, ఉప్పు, నూనె, నాలుగు పెద్ద పొట్లాల పొగాకు చేర్చు. అక్కకి చెప్పకు, చావడిలో పెట్టు. మార్గమధ్యంలో ఎవరైనా అడిగితే నీ ఇష్టమొచ్చిన అబద్ధం చెప్పు, అందులో నీకు నా సాయం అక్కర్లేదు.

మైన్రాడ్


బీసెన్,
డిసెంబరు 13

మామా,

ఈ ఉత్తరం చొక్కా చేతులు మడిచి, వాకిట్లో బల్ల వేసుకుని రాస్తున్నాను. డిసెంబరు పదమూడు! సిస్టర్ గారూ, ఈ వాక్యం గట్టిగా చదవండి, ఆయనకి వినపడాలి. దక్షిణం నుంచి ఫేన్ అనే పొడి కొండగాలి పది రోజులుగా వెచ్చగా వీస్తోంది. ఆ గాలికి అవతలి కొండ చేయి చాస్తే అందేంత దగ్గరకొచ్చింది. దానిమీద ఒక్కో రాయీ లెక్కపెట్టొచ్చు. గడ్డి ఆకుపచ్చగా ఉంది. చర్చి గోడ పక్కన పసుపు పూలు పూశాయి, వాటికే సిగ్గేసి తలలు వంచుకున్నాయి.

ఊళ్ళో నీ పేరు మోగిపోతోంది. "ముసలాడు పట్నంలో మంచం మీద పడుకుని చెప్పాడు చూడు" అంటున్నారు. హోటళ్ళవాళ్ళు మాత్రం స్కీయింగుకొచ్చేవాళ్ళని కొండెక్కించే తమ తీగ ఎండలో మెరుస్తుంటే చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. నిన్న ఫ్రిడోలిన్ నా ఇంటికొచ్చి టోపీ తీశాడు.

"నీ మామని అన్న మాట వెనక్కి తీసుకుంటాను."

"దానికేం, మామ మనసులో పెట్టుకోడు."

"కానీ ఆ సాలెగూళ్ళు చూశావా కాస్పర్, అంత మందం..."

"చూశాను, చూశాను. సాలీళ్ళు అబద్ధాలకోర్లు."

నేనూ టోపీ తీయాలి మామా. నీ ముక్కుని అనుమానించాను. ఇనుం వాసనేదో నా సొంత చొక్కాది అయ్యుంటుంది. నువ్వు రా. బస్తాలు చేర్చాను. రెండు రాత్రులకి నాలుగు పొట్లాల పొగాకేమిటని అడగను. ముసలివాళ్ళకి లెక్కలు మారతాయి.

కాస్పర్


నీడెర్‌మోస్,
డిసెంబరు 18

కాస్పర్,

ఇంక ఉత్తరం రాయకు, అందేలోపు నేనే వస్తాను. ఊర్స్‌ని తొందరగా బయల్దేరమని సిస్టర్‌ని అడిగాను, సరేనంది. నా పెట్టె తనే సర్దింది, నన్ను ముట్టుకోనివ్వలేదు.

అవతలి కొండ ఇంకా దగ్గరగానే ఉందా? ఉంటే చాలు. ఇంకో అయిదు రోజులు దాన్ని అక్కడే పట్టుకోండి.

మైన్రాడ్


బీసెన్,
డిసెంబరు 27

మామా,

ఈ ఉత్తరం ఎగ్లికి సరుకులు లాగే తీగమీద పాలక్యానులో పైకి వస్తోంది. తడిస్తే పొయ్యి దగ్గర ఆరబెట్టి, పెద్దమ్మ చేత చదివించుకో. ఎగ్లికి ఫోను లేదు, దారి లేదు, ఇప్పుడు మీకూ లోకానికీ మధ్య ఈ తీగ ఒక్కటే.

ఇరవై నాలుగు మధ్యాహ్నం మీ ఇంట్లో భోంచేసి, ఆవులకి పాలు తీయాలని నేను దిగాను. నువ్వు గుమ్మంలో కర్రల మీద నిలబడి చెయ్యి ఊపావు. గాలి ఆగిపోయింది అప్పటికే. ఆఖరి మలుపు దగ్గర నా ముక్కు మీద ఏదో వాలింది. పొయ్యి బూడిద అనుకున్నాను. తర్వాత రెండోది. ఇంటికి చేరేసరికి నా గడ్డం నీ గడ్డంలా ఉంది. క్రిస్మస్ తెల్లవారేసరికి కంచె గుంజల నెత్తులు కూడా కనపడలేదు. ఊర్స్ చర్చి దాకా వచ్చి, పైకి చూసి, సిలువ గుర్తు వేసుకుని, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నిన్న హాల్లో నీ కుర్చీని గోడకి తిప్పారు.

ఫ్రిడోలిన్ తిప్పాడు, రెండు చేతులతో, పెళ్ళికూతుర్ని తిప్పినంత మెల్లగా. నేను లేచి అరిచాను. "తప్పు నాది! నా దగ్గర అసలు మాట ఉంది, ఎడమ జేబులో! కిటికీల దాకా పడుతుందని రాసుకున్నాను, చదవలేదు!" అన్నాను. డొమినిక్ నా భుజం మీద చెయ్యి వేసి "నువ్వెప్పుడు నిజం చెప్పావు గనక ఇప్పుడు నమ్ముతాం కాస్పర్?" అన్నాడు. ఇన్నేళ్ళ నా వేళాకోళాల ఫలితం ఇప్పుడు, ఈ ఒక్కరోజు, నా మొహాన పడింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు మామా. నాకు తెలిసీ నీ పేరు పోనిచ్చాను. పైగా నిన్ను అక్కడ చిక్కించాను. రెండు రాత్రులకని వచ్చి మార్చిదాకా, ఆ తుంటితో, మందుల్లేకుండా. పెద్దమ్మ ఎనభై మూడేళ్ళది. ఏమైనా అయితే ఈ తీగమీద డాక్టర్ని పంపగలనా?

సత్రం ఫోన్లో సిస్టర్ ఫిదేలిస్‌కి చెప్పాను. తిడుతుందని చెవి దూరంగా పెట్టుకున్నాను. తిట్టలేదు. "ఆయన పెట్టె అడుగుదాకా విప్పాడా?" అంది. నాకేం తెలుసన్నాను. "విప్పమను" అని పెట్టేసింది. ఆ కోపం ఎలాంటిదో నాకు అంతుపట్టలేదు.

ఏదైనా ఒక్క ముక్క రాసి క్యానులో వెయ్యి. బతికున్నావని.

కాస్పర్


ఎగ్లి,
డిసెంబరు 28

ఒరేయ్ కాస్పర్,

బతికున్నాను. పొయ్యి పక్కన కూర్చుని, నువ్వు మోసుకొచ్చిన పొగాకు కాలుస్తున్నాను. అక్క నీ ఉత్తరం చదువుతూ నాలుగుచోట్ల ఆపి నవ్వింది, కాబట్టి ముందు నువ్వు ఏడుపు ఆపు.

నా ముక్కుకి ఏమీ కాలేదురా. ఎలుకగూడు దిండుకింద పెట్టిన మొదటి మధ్యాహ్నమే తెలిసింది. తడి ఉన్ని, ఇనుం, నువ్వు చెప్పినట్టే. ఇరవై నాలుగో, ఇరవై ఐదో అనుకున్నాను. ఇరవై రెండున పడితే ఏం చెయ్యాలా అన్నదొక్కటే నా భయం. అప్పుడు మలుపు దాటలేను. ఇరవై మూడు పొద్దున బండి దిగి గుమ్మంలో అడుగుపెట్టాక, ఇక ఎంతైనా పడనీ అనుకున్నాను. పడింది.

రెండు రాత్రుల కోసం కాదు నేను వచ్చింది. నాకు చలికాలం మొత్తం కావాలి. మంచు పడుతుందని చెబితే ఆశ్రమం కదలనివ్వరు. పచ్చగా ఉంటుందని చెబితే వస్తాను, వచ్చాక దారి అదే మూసుకుంటుంది. ఆ పొగమంచులో మంచం మీద పడుకుని ఇంకో ఏడు కుర్చీ గౌరవం కాపాడుకుని ఏం చేసుకోను? తిప్పనీ. నీకు చెప్పకపోవడానికి కారణం తెలుసుగా. ఉత్తరాలు ఆవిడ చదివేది, నా పెన్సిలు కూడా ఆవిడే చెక్కేది. నీకు రెండు జేబులున్నాయని మాత్రం ముందు తెలియదు. తెలిసుంటే ఆ శనివారం దాకా నాకు నిద్ర పట్టేది కాదు.

లోకంలో అందరినీ ఆటపట్టించే నిన్ను ఒక్కసారి ఆటపట్టించానని నిన్నటిదాకా మురిసిపోయాను. ఇవాళ నీ ఉత్తరం విన్నాక పెట్టె అడుగుదాకా విప్పాను.

రెండు రాత్రుల బట్టల కింద నాలుగు జతల ఉన్ని లోదుస్తులున్నాయి. వాటికింద నా మాత్రలు, వారానికో కాగితం పొట్లం కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసి. లెక్కపెట్టాను. మార్చి పంతొమ్మిది, పునీత జోసెఫు పండుగ దాకా ఉన్నాయి. తుంటికి రాసుకునే మందు, కర్రల అడుగున తొడిగే కొత్త రబ్బరు తొడుగులు, ఒక చీటీ. అక్క చదివింది. ఇక్కడ దింపుతున్నాను.

"మైన్రాడ్ గారికి. నేనూ కొండమీదే పుట్టాను. మా నాన్న మార్మోట్ బొరియలో చెయ్యి పెట్టి చూసేవాడు. మోచేయి దాటితే మా అమ్మ పిండి రెండింతలు తెప్పించేది. మీ మేనల్లుడు భుజం దాకా పెట్టానని రాశాడు. అది మీకు చదివి వినిపించిన మర్నాడే మందుల షాపుకి చెప్పాను. ఊర్స్‌కి ఏమీ తెలియదు, తెలిస్తే వచ్చేవాడు కాదు. మాత్రలు మానకండి. ప్రతి ఆదివారం క్షేమంగా ఉన్నట్టు తీగమీద ఒక ముక్క పంపితే, మీ మేనల్లుడు నాకు ఫోను చెయ్యాలి. చెయ్యకపోతే నేనే అక్కడికి నడిచి వస్తాను, నాకు మంచుబూట్లు ఉన్నాయి. ఫిదేలిస్."

ఆవిడ కొండమనిషని నాకు వాసనే తగల్లేదురా. సబ్బు అడ్డమొచ్చింది.

అక్క చీటీ మడిచి సిలువ వెనక పెట్టింది. "ఈ పిల్ల వేసవిలో వస్తే నా జున్ను ముక్క పెట్టాలి" అంది. ఆ పిల్లకి అరవై దాటాయన్నాను. "నాకు పిల్లే" అంది.

ఆదివారం ఫోను మరిచిపోకు. వేళాకోళం చెయ్యకు, ఆవిడతో మాత్రం వద్దు.

కాసేపటి క్రితం వాగు చప్పుడు పోయింది. ఇప్పుడు మేకల గంటలు కూడా వినపడటం లేదు. అక్క ఇంకా గొణుగుతోంది, అదీ ఆగేలా ఉంది. ఇక వాసన చూసే పని లేదు నాకు. కర్రలు తీసుకుని వాకిట్లోకి వెళ్తున్నాను. కాసేపు మంచుని మొహం మీద పడనిస్తాను.

మీ మామ
మైన్రాడ్